ర్యాలీ కొంగ, ఫ్రీవీలు లేని చక్రం: 1977 ఫ్రేముతో ఫిక్సీ కట్టాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. పాత స్టీలు ఫ్రేము చవగ్గా దొరికింది కదా, దాంతో ఫిక్సీ కట్టుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. నా ఫ్రేము 35 పౌండ్లు. బండి రోడ్డెక్కేసరికి లెక్క 345 తేలింది. అందులో 48 పౌండ్లు అచ్చంగా నా తెలివితక్కువకి కట్టిన శిస్తు, ఆ భాగోతం కింద రాశాను. అయినా బండి అమ్ముతావా అని అడిగితే అమ్మను.

ఫిక్సీ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మామూలు సైకిలుకి వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపేసినా చక్రం టిక్ టిక్ మంటూ దాని దారిన అది తిరుగుతుంది. ఫిక్సీకి అది ఉండదు. పళ్ల చక్రం నేరుగా వెనక చక్రం మధ్యలోని హబ్బుకే బిగించి ఉంటుంది కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితోపాటు మీ కాళ్లూ తిరుగుతాయి. పల్లంలో కూడా తప్పదు, గానుగెద్దు బతుకే. చిన్నప్పుడు తొక్కిన మూడు చక్రాల సైకిలు గుర్తుందా, ముందు చక్రానికే పెడళ్లుండేవి? అదీ ఒకరకం ఫిక్సీయే. వేగం తగ్గించాలంటే పైకి లేచే పెడలుని కాలితో అదిమిపట్టాలి. వెలోడ్రోముల్లో, అంటే సైకిలు పందేల ట్రాకుల మీద, పందేలాడే బళ్లు ఇవే, వాటికైతే అసలు బ్రేకులే ఉండవు.

నేనుండేది నాటింగ్‌హామ్‌లో, లెంటన్ వైపు. ఆఫీసు బీస్టన్‌లో. యూనివర్సిటీ బూల్వార్డ్ మీదుగా వెళ్తే దారంతా దాదాపు అరచెయ్యంత చదును. గేరు మార్చే పనే పడదు. కానీ ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా రోడ్డు మీద తడి ఆరదు, పైగా మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. రెండు చలికాలాల్లో నా గేర్ల బండికి గేరు మార్చేటప్పుడు చైనుని జరిపే డిరైలర్లు రెండు పోయాయి. వాడని గేర్లకి ఈ సేవలన్నీ ఎందుకన్న విసుగులోంచి పుట్టిందే ఈ ఫిక్సీ.

ఫ్రేము సంగతి. ర్యాలీ రికార్డ్, 21½ అంగుళాల సైజు, వెలిసిపోయిన నీలం రంగు. ఎవరో గ్యారేజీ ఖాళీ చేస్తూ హ్యాండిలూ సీటుతో సహా అమ్మేశారు. పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ (బాటమ్ బ్రాకెట్) గొట్టం అడుగున తుడిచి చూస్తే నంబరు ‘ఎన్’ అక్షరంతో మొదలైంది. ఎన్ అంటే నాటింగ్‌హామ్. రెండక్షరాల తర్వాత అంకె 7, అంటే 1977. నేనుంటున్న ఇంటికి పదిహేను నిమిషాల నడకలో తయారైన బండి అన్నమాట. ర్యాలీ ఫ్యాక్టరీ 2002లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు యూనివర్సిటీ జూబ్లీ క్యాంపస్ ఉంది, చెరువూ బాతులూ అవీను.

వీడియో కాల్లో చూపిస్తే మా నాన్నగారు ఫ్రేము చూడలేదు. “కొంగేదిరా?” అన్నారు, ర్యాలీ కంపెనీ గుర్తు కొంగే కదా. హ్యాండిలు కింద ఉండే హెడ్ ట్యూబు దగ్గరికి ఫోను తీసుకెళ్లి చూపిస్తే అప్పుడు నమ్మారు. తణుకులో మా తాతయ్యకి ర్యాలీ ఉండేది. అది ఇంగ్లాండు ర్యాలీయా, లేక 1950లలో మొదలైన అసన్సోల్ ఫ్యాక్టరీలో చేసిన సేన్-ర్యాలీయా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని తగువు. పెద్దత్తయ్య ఇంగ్లాండు అంటుంది, నాన్నగారు అసన్సోల్ అంటారు. తేల్చడానికి సైకిలు లేదు, ఎప్పుడో పాత సామాన్లవాడి తక్కెడెక్కేసింది.

ఫిక్సీకి ఈ ఫ్రేము ఎందుకు పనికొచ్చిందంటే ముఖ్యంగా రెండు కారణాలు. వెనక యాక్సిలు కూర్చునే స్లాట్లు అడ్డంగా ఉన్నాయి. ఫిక్సీలో చైను బిగువు సరిచెయ్యడానికి మధ్యలో స్ప్రింగులూ గింగులూ ఏమీ ఉండవు. మన ఊళ్లో చైను లూజయితే చక్రం వెనక్కి లాగి నట్టు బిగిస్తారే, అదే పద్ధతి. స్లాటు నిలువుగా ఉన్న ఫ్రేములో అది కుదరదు కాబట్టి ఎంత అందమైన ఫ్రేమైనా వదిలెయ్యండి. రెండోది వెనక ఫోర్కు వెడల్పు. ట్రాక్ హబ్బు, అంటే ఫిక్సీకి వాడే హబ్బు, 120 మి.మీ. ఉంటుంది. వెనక పళ్ల చక్రాలు ఐదే ఉండే కాలం నాటి ఈ ఫ్రేములో కొలిస్తే 121 వచ్చింది. చక్రం చేత్తో తోస్తే వెళ్లి కూర్చుంది. 1980ల బళ్లలో ఇది 126 ఉంటుంది, తర్వాతి వాటిలో 130. వాటిని వంచి సరిచెయ్యొచ్చు, స్టీలు కాబట్టి వంగుతుంది, కానీ నాకంత ధైర్యం లేదు.

కొనేముందు నేను చేసిన పరీక్ష ఒక్కటే, దారం పరీక్ష. వెనక ఒక స్లాటుకి దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి రెండో స్లాటుకి లాగి కట్టాలి. దారానికీ సీటు ట్యూబుకీ మధ్య దూరం రెండు వైపులా ఒకేలా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. నాకు ఒక మి.మీ. తేడా వచ్చింది, అది లెక్కలోది కాదు. అమ్మినాయన మాత్రం నేనేదో తాయెత్తు కడుతున్నట్టు చూశాడు.

ఫ్రేము మీద రెనాల్డ్స్ 531 అనే తేలికపాటి స్టీలు గొట్టాల స్టిక్కరు లేదు. పాత బళ్ల పిచ్చివాళ్లు ముందు వెతికేది ఆ మూడంకెలే. నాది మామూలు స్టీలు. ఇండియా వెళ్లేటప్పుడు పెట్టెలు తూచే చేతి తక్కెడకి తగిలించి చూస్తే మొత్తం బండి 11.4 కిలోలు తూగింది. చదును రోడ్డు మీద ఆ బరువు తెలీదు, మూడో అంతస్తుకి మోసేటప్పుడు బాగా తెలుస్తుంది.

ఇప్పుడు శిస్తు సంగతి. బీబీలో బాల్సు తిరిగే పాత కప్పులు తీసేసి, బేరింగులన్నీ ఒకే డబ్బాలో మూసి ఉండే కొత్త సీల్డ్ కార్ట్రిడ్జి పెడదామని 18 పౌండ్లు పోసి ముందే కొనేశాను. గంటకింత అని కట్టి పనిముట్లు వాడుకునే వర్క్‌షాపు ఒకటుంది ఊళ్లో, అక్కడికి తీసుకెళ్లాను. బిగించబోతే కార్ట్రిడ్జి ఒక చుట్టు తిరిగింది, ఆగిపోయింది. తుప్పేమోనని నూనె కొట్టాను. మళ్లీ ఒక చుట్టు, మళ్లీ ఆగింది. రెంచి మీద ఒళ్లంతా వేసి తిప్పబోతుంటే పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. డ్రాయరులోంచి మరలు (థ్రెడ్లు) కొలిచే గేజి తీసి, పళ్లు ఒక్కొక్కటే ఆనించి చూసి “ట్వంటీ సిక్స్” అంది. మిగతా ఇంగ్లీషు ఫ్రేములకి దాదాపు అన్నిటికీ బీబీలో అంగుళానికి 24 మరలు. నాటింగ్‌హామ్‌లో చేసిన మామూలు ర్యాలీలకి మాత్రం ఆ కంపెనీ సొంత కొలత, 26. గొట్టం వెడల్పు కూడా 68 మి.మీ. కాదు, 71. ఇవన్నీ షెల్డన్ బ్రౌన్ అనే అమెరికా సైకిలు మెకానిక్ తన సైటులో ఎప్పుడో రాసిపెట్టాడు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా పాత సైకిలు కట్టేవాడికి ఆ పేజీలే పంచాంగం. నేను చదివింది కొన్నాక.

దాంతో పాత కప్పులే గతి. అదే మంచిదయింది. కప్పుల లోపల గోతులు పడలేదు, నున్నగా ఉన్నాయి. కిరసనాయిలు లాంటిదేదో ఇచ్చారు, దాంతో కడిగి, గ్రీజు పట్టించి, వైపుకి 11 చొప్పున 22 పావంగుళం బాల్సు వేశాను. కొత్తవన్నీ కలిపి రెండు పౌండ్లు కూడా కాలేదు. కప్పు బిగువు సరిచేసి వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. తణుకు బస్టాండు దగ్గర సైకిలు షాపులో చిన్నప్పుడు ఇది వందసార్లు చూసుంటాను. చేత్తో చెయ్యడం మాత్రం ఇదే మొదలు.

క్రాంకులూ (పెడళ్లు తగిలించే చేతులు) పాతరకమే, ఇరుసుకి మేకులాంటి కాటర్ పిన్నులతో బిగించేవి. పిన్ను తియ్యడం గురించి నాన్నగారి సలహా: “ముందు రోజే నూనె పోసి వదిలెయ్. క్రాంకు కింద గట్టి దన్ను పెట్టి ఒకే ఒక్క దెబ్బ వెయ్యి. ఆడుకుంటున్నట్టు పదిసార్లు తడితే తల నలిగిపోద్ది, ఇంక జన్మలో రాదు.” ఎడమది ఆయన చెప్పినట్టే వచ్చింది. కుడిదాన్ని నేను పదిసార్లు తట్టాను. డ్రిల్లు పెట్టి తీశారు.

ముందు పళ్ల చక్రం మాత్రం ఈ బండికే అందం. వర్క్‌షాపు తుక్కులో ఒక పాత త్రీ-స్పీడు ర్యాలీ క్రాంకు సెట్టు దొరికింది, 46 పళ్లు, మధ్యలో మూడు కొంగలు కోసిన డిజైను. పది పౌండ్లు. బీస్టన్ సిగ్నల్ దగ్గర ఇద్దరు ముగ్గురు ముసలాళ్లు దాన్ని చూసి పలకరించారు. ఒకాయనైతే గ్రీన్ పడినా కదల్లేదు.

అసలు విషయం వెనక చక్రం. ఈ రివ్యూలో ఒక్క పేరా చదివే ఓపికుంటే ఇదొక్కటి చదవండి. మొదట నేను ఆన్‌లైన్‌లో 30 పౌండ్లకి ఒక పాత చక్రం కొన్నాను, ‘ఫిక్స్‌డ్’ అని రాసుంది. వారం బాగానే నడిచింది. ఒక ఆదివారం పొద్దున డెర్బీ రోడ్డు దిగుతున్నాను. కింద సిగ్నల్ ఎర్రబడింది. వేగం తగ్గిద్దామని పెడళ్లని వెనక్కి అదిమాను. మొదటి అదుముకి పట్టింది. రెండోసారి కాళ్ల కింద బరువు మాయమైపోయింది. మెట్లు దిగుతూ చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే లేనప్పుడు గుండె ఎలా జారుతుంది, అలాగ. కాళ్లు ఊరికే వెనక్కి తిరుగుతున్నాయి, చక్రం మాత్రం ముందుకి పరిగెడుతోంది. ముందు బ్రేకు ఉండబట్టి గీతకి అవతల రెండు గజాల్లో ఆగాను. బస్సు లేదు, నా అదృష్టం.

ఇంటికొచ్చి విప్పితే తెలిసింది. సరైన ట్రాక్ హబ్బుకి మరలు రెండు మెట్లుగా ఉంటాయి. లోపలి మెట్టు మీద పళ్ల చక్రం మామూలు కుడి మరతో ఎక్కుతుంది. బయట దానికంటే చిన్న మెట్టు ఉంటుంది, దాని మీద లాక్ రింగు ఎడమ మరతో ఎక్కుతుంది. మీరు వెనక్కి అదిమినప్పుడు పళ్ల చక్రం విప్పుకోవాలని చూస్తుంది, కానీ అది కదిలితే లాక్ రింగు ఇంకా బిగుస్తుంది. కిటుకంతా ఆ ఎడమ మరలోనే ఉంది. నాకు అంటగట్టిన హబ్బు ఫ్రీవీలు బండిది. రెండో మెట్టే లేదు. పళ్ల చక్రం ఎక్కించి, పైన బీబీ లాక్ రింగు ఒకటి అదే కుడి మరతో బిగించి, జిగురు పూశారు. జిగురు ఎన్నాళ్లు ఆగుతుంది? అమ్మినవాడికి మూడుసార్లు రాశాను, జవాబు లేదు.

తర్వాత కొన్నది స్టర్మీ-ఆర్చర్ ట్రాక్ హబ్బు. ఈ పేరు పుట్టింది ఈ ఊళ్లోనే, ర్యాలీ నీడలో. త్రీ-స్పీడు హబ్బులంటే లోకమంతా వీళ్ల పేరే చెప్పుకునేది. 2000లో కంపెనీ తైవాన్ వాళ్ల చేతికెళ్లింది, ఇప్పుడు తయారీ అక్కడే. అలా నా హబ్బు పుట్టింటి పేరు పెట్టుకుని సగం ప్రపంచం చుట్టి మళ్లీ నాటింగ్‌హామ్ వచ్చింది. మరలు శుభ్రంగా ఉన్నాయి, లాక్ రింగు మొదటి చుట్టు నుంచే నున్నగా ఎక్కింది. ఏడు నెలలుగా వానలో ఉప్పులో తిరుగుతోంది, బేరింగు చప్పుడు లేదు. రిమ్ముతో 36 పుల్లలు నేనే అల్లాను. అల్లడం ఒక సాయంత్రం పని, బెండు తియ్యడానికి రెండు శనివారాలు పట్టింది. హబ్బు, రిమ్ము, పుల్లలు కలిపి 78 పౌండ్లు. మొత్తం బండిలో బాధపడకుండా పెట్టిన డబ్బు ఇదొక్కటే.

వెనక 17 పళ్లు పెట్టాను. 46కి 17 అంటే పెడలు ఒక చుట్టుకి చక్రం 2.7 చుట్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 31 కిలోమీటర్లు వస్తుంది, నా మోకాళ్లకి అది చాలు. 17 ఎందుకంటే ఇంకో లెక్కుంది. ఫిక్సీ కుర్రాళ్లు కాళ్లు బిగబట్టి వెనక చక్రం జారిస్తూ ఆపుతారు. 48కి 16 పెడితే సరిగ్గా మూడు చుట్లు. అప్పుడు జారించిన ప్రతిసారీ టైరు అదే చోట నేలకి రాసుకుని, ఆ ఒక్క చోటే అరిగి చిల్లు పడుతుంది. 46కి 17లో భాగహారం తెగదు కాబట్టి అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది. నలభై దాటినవాణ్ణి, నేను జారించేది లేదు సచ్చేది లేదు. కానీ లెక్క నచ్చింది.

ముందు బ్రేకు గురించి వాదన పెట్టుకోకండి. ఇక్కడి చట్టం ప్రకారం రోడ్డు మీద సైకిలుకి ముందొకటి వెనకొకటి, విడివిడిగా పనిచేసే బ్రేకులు రెండుండాలి. ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనక బ్రేకు కింద లెక్కేస్తారు. కాబట్టి ముందు బ్రేకు తప్పనిసరి. డెర్బీ రోడ్డు మీద జరిగింది పైన చదివారుగా. పాత బండికి 27 అంగుళాల చక్రాలుండేవి, నేను వాటికంటే కాస్త చిన్నవైన 700సీ వేశాను. రిమ్ము 4 మి.మీ. కిందికి జరుగుతుంది కాబట్టి బ్రేకు చేతులు పొడుగ్గా ఉండాలి. టెక్ట్రో కంపెనీ ఆర్ 559 బ్రేకు సరిపోయింది. ఫోర్కు వెనక నట్టు బిగించే రకం అడిగి తీసుకోండి. అలెన్ కీ రకం తెచ్చుకుంటే పాత ఫోర్కు కన్నం పెద్దది చేసుకోవాలి. ముందు చక్రానికైతే నేను ఆకురాయి పట్టాల్సొచ్చింది. కొత్త యాక్సిలు 9 మి.మీ., పాత ఫోర్కు స్లాటు అంతకంటే ఇరుకు. పెయింటు లేచిపోయినచోట గోళ్ల రంగు పూశాను, మా ఆవిడది. ఆవిడకింకా తెలీదు.

తొక్కడం ఎలా ఉంటుందంటే, మొదటి మూడు రోజులు భయం. ఎప్పుడో ఒకసారి అలవాటుగా కాళ్లు ఆపుతారు, బండి ఒప్పుకోదు, సీటు మీంచి ఎగరేస్తుంది. నాల్గో రోజు నుంచి కాళ్లకే అర్థమవుతుంది. సిగ్నల్ దూరంగా ఎర్రగా కనిపించగానే అడుగు నెమ్మదవుతుంది, మనిషి నడక తగ్గించినట్టే. తడి రోడ్డు మీద వెనక చక్రం ఎంత పట్టుతో ఉందో అరికాళ్లకి తెలుస్తుంది. గేర్ల బండి మీద నాకిది ఎప్పుడూ తెలీలేదు. చప్పుడు అసలుండదు. అందుకే బెల్లు మాత్రం పెట్టుకోండి. కాలువగట్టు దారిలో నడిచేవాళ్లు ఉలిక్కిపడి తిట్టారు.

నచ్చనివి కూడా ఉన్నాయి. పల్లం పరమ నరకం. గంటకి 45 దాటితే కాళ్లు నిమిషానికి 130 చుట్లు తిరగాలి, కుట్టుమిషను సూదిలా ఉంటుంది మన పరిస్థితి. మాపర్లీ గుట్ట వైపు స్నేహితుడింటికి బస్సులో వెళ్తున్నాను. కాటర్ పిన్నులు కొత్తవి వేశాక మొదటి నెలలో రెండుసార్లు లూజయ్యాయి. ముందుకీ వెనక్కీ రెండు వైపులా బలం పడుతుంది కదా. యాభై మైళ్లకోసారి నట్టు చూసుకోవాలి. పెడళ్లకి పట్టీలు లేకుండా ఈ బండి ఎక్కొద్దు. చైను తుడిచేటప్పుడు చక్రం తిప్పుతూ గుడ్డ పెట్టొద్దు, గుడ్డతోపాటు వేలు కూడా లోపలికెళ్తుంది, ఫిక్సీ చైను మధ్యలో ఆగదు. నాన్నగారు మొదటిరోజే అడిగారు: “పంచె కట్టుకుని ఎక్కితే ఏమవుద్దిరా?” ఏమవుతుందో చెప్పాను. “ఫ్రీవీలు లేని సైకిలేంట్రా, డబ్బులిచ్చి సుఖం పీకించుకున్నావా?” అన్నారు.

ఆయన జూన్‌లో వస్తున్నారు. కొంగ బండి తొక్కాలట. నా హబ్బుకి రెండో వైపు ఫ్రీవీలు మరలున్నాయి, చక్రం తీసి తిప్పి పెడితే చాలు. 18 పళ్ల ఫ్రీవీలు కొనేశాను. సీటు రెండంగుళాలు దించాలి. అయితే ఫ్రీవీలు వైపు తిప్పితే ఇంక అది వెనక బ్రేకు కింద చెల్లదు, చట్ట ప్రకారం వెనక కూడా బ్రేకు బిగించాలి. లెక్కలో ఇంకో పాతిక పౌండ్లు కలుపుకోండి.